ఏలియా వేలిముద్ర

ఖరగ్‌పూర్ గురించి ఎవరు చెప్పినా ముందు ప్లాట్‌ఫారం పొడుగు చెబుతారు. నేను చెప్పను. ఆ పొడుగంతా పుస్తకాల సంచి మోసుకుంటూ నడిచినవాడికి అది గొప్పగా తోచదు, భుజం నొప్పిగా తోస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక తలుపు చప్పుడు గురించి, అలా తలుపులు కొట్టిన మనిషి గురించి.

తలుపు కొట్టడంలో ఊరికో తీరు ఉంటుంది. మా వైపు ముందు దగ్గుతారు, తర్వాత కొడతారు. కటక్‌లో గొళ్లెం ఆడిస్తారు. విశాఖలో వీధిలోంచే పేరు పెట్టి కేకేసి, మనం తలుపు తీసేసరికి సగం సంగతి చెప్పేసి ఉంటారు. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో నేను విన్నవి మూడు దెబ్బలు. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి కాస్త ఆగి. ఆ మూడో దెబ్బకి లోపల ఎవరో ఒకరు మంచం దిగాల్సిందే. అవి ఏలియా దెబ్బలు.

ఏలియా లోకో షెడ్డులో కాల్‌బాయ్. యాభై దాటినా, తల నెరిసినా, మనవల్ని ఎత్తుకున్నా, ఆ ఉద్యోగం చేసేవాణ్ణి రైల్వేలో బాయ్ అనే అంటారు. ఫలానా బండికి ఫలానా డ్రైవరు, ఫలానా ఫైర్మన్ అని షెడ్డులో రాసిస్తే, ఏలియా సైకిలెక్కి వాళ్ల క్వార్టర్లకి వెళ్లి, తలుపు కొట్టి, కాల్ బుక్కు చాపి, సంతకం పెట్టించుకు రావాలి. సంతకం పడ్డాక రెండు గంటల్లో ఆ మనిషి షెడ్డుకొచ్చి, డ్యూటీకి వచ్చానని రిపోర్టు చెయ్యాలి. లేకపోతే తప్పు ఆ మనిషిది. సంతకం లేకపోతే మాత్రం తప్పు ఏలియాది.

ఆ సంతకం ఎంత బరువో జగ్గారావుని అడిగితే చెప్పేవాడు. జగ్గారావు గూడ్సు డ్రైవరు, శ్రీకాకుళం వైపు మనిషి, ఏలియాకి పాతికేళ్ల స్నేహితుడు. ఒక వానాకాలం మధ్యాహ్నం చేపల పులుసు తిని పడుకున్నవాడు ఏలియా దెబ్బలకి లేచి, కళ్లు విప్పకుండానే సంతకం గీకి, మళ్లీ పడుకున్నాడు. గూడ్సు గంటన్నర కదల్లేదు. ఛార్జిషీటు వచ్చింది. ఆ కథ కాలనీలో పెళ్లి భోజనాల దగ్గర కూడా చెప్పుకునేవారు.

"నాను మల్లీ తొంగున్నానని నీకు తెలుసు గదా మాఁవా," అనేవాడు జగ్గారావు, నేను పక్కనుండగానే. "నా గురక ఈది సివర్దాకా ఇనపడతంది. ఇంకో పాలి కొట్టీస్తే నీ సెయ్యి ఇరిగిపోద్దేటి?"

"సంతకం ఎట్టినావు. నా డూటీ అయిపోనాది."

"అదే మరి! నీ పుస్తకం నిన్ను కాసినాది, నన్ను తినీసినాది."

అందరూ నవ్వేవారు. ఏలియా నవ్వేవాడు కాదు. అది హాస్యమని ఆయనకి తోచేది కాదు.

పుస్తకం షెడ్డులోనే ఉండిపోతే నేనీ సంగతి రాయనక్కర్లేదు. ఏలియా దాన్ని చర్చిలోకి తెచ్చాడు.

ట్రాఫిక్ కాలనీలోని తెలుగు చర్చిలో, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాలు నలభై రోజులూ తెల్లవారుజామున ఐదింటికి వేకువ ప్రార్థన జరిగేది. చుట్టుపక్కల పదకొండు ఇళ్ల వాళ్లని లేపే పని ఏలియాకి అప్పగించారు. ఇంకెవరికి అప్పగిస్తారు? ఎనభై రెండులో ఒక ఆదివారం ఇద్దరు ఆడవాళ్లు అందరిముందూ లేచి, "మమ్మల్ని పిలవనేదు, మా ఇంటికాడ అసలు ఆగనేదు" అని తగువు పెట్టుకున్నారు. ఏలియా ఆగాడు, కొట్టాడు, వాళ్లు లోపలినుంచి "ఆఁ ఆఁ" అని మళ్లీ ముసుగు తన్నారు. వేరేవాడైతే చిన్నబుచ్చుకుని ఊరుకునేవాడు. ఏలియా రైల్వేవాడు. మర్నాడే గోల్‌బజార్ వెళ్లి పొడుగాటి రిజిస్టరొకటి కొని, స్కేలు పెట్టి గీతలు గీశాడు: పేరు, పిలిచిన టైము, సంతకం.

అలా వేకువ ప్రార్థనకి కాల్ బుక్కు వచ్చింది. నేను చాలా సంఘాలు చూశాను. నేల మీద కూర్చునేవి, బెంచీల మీద కూర్చునేవి, చెప్పులు బయట విడిచేవి, లోపలికి తెచ్చుకునేవి. దేవుడి దగ్గరికి వస్తానని నిద్రకళ్లతో సంతకం పెట్టే సంఘాన్ని ఇంకెక్కడా చూడలేదు. విసుక్కున్నారు, నవ్వుకున్నారు, చివరికి పెట్టారు. పాస్టరుగారూ పెట్టారు. ఆయనదీ ఆ పదకొండిళ్లలో ఒకటి.

సంతకం రానిది ఎలీసమ్మ ఒక్కతే. భర్త డ్రైవరుగా పనిచేసి పోయాడు. డెబ్బై దాటిన ఆ ముసలమ్మ కొడుకు క్వార్టరులో వెనక గదిలో ఉండేది. ఆమె కోసం ఏలియా జేబులో స్టాంపు పేడ్ వేసుకు తిరిగేవాడు. నలభై రోజులూ ఆమె ఎడమ బొటనవేలు నీలంగానే ఉండేది. ఈస్టరు నాడు ప్రభువు రొట్టె కోసం సంస్కారం బల్ల ముందు చేతులు చాపినప్పుడు కూడా ఆ నీలం పూర్తిగా వదిలేది కాదు.

ఆ రోజుల్లో నేను తెలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని రైల్వే ఊళ్లు తిరుగుతుండేవాణ్ణి. శ్రమదినాల్లో ఎక్కడున్నా ఖరగ్‌పూర్ చేరేవాణ్ణి, ఏలియా వరండాలో పడుకునేవాణ్ణి. ఆయన భార్య స్వర్ణకుమారి మడత మంచం వాల్చి, అడగకుండానే ఇంకో దుప్పటి పెట్టి వెళ్లేది. మితంగా మాట్లాడే మనిషి.

ఎనభై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం గోల్‌బజార్లో టీ తాగుతున్నాం. ఎండ అప్పుడే ముదురుతోంది. టీ దుకాణం దాదా గ్లాసులు కడుగుతున్నాడు. ఏలియా తన గ్లాసులోకి చూస్తూ, సైకిల్ ట్యూబు పాతబడిందని చెప్పినంత మామూలుగా అన్నాడు:

"మాస్టారూ, నాను పార్దన సేసి ఏడేళ్లయింది."

నేను నమ్మలేదు. కాలనీలో అందరికంటే ముందు లేచేవాడు ఆయనే. "ఏలియాకున్న మెలకువ మనకేదీ?" అని పాస్టరుగారు ప్రసంగంలో కూడా అన్నారు.

"అందర్నీ లేపుతాను. గేటుకాడ నిలబడి పుస్తకంలో టిక్కులు ఎడతాను. తలుపు మూసినాక ఇంటికెల్లి తొంగుంటాను. ఆదివారం లోపల కూకుంటాను, నోరు ఆడిస్తాను. అంతే."

"ఏం జరిగింది ఏలియా?"

"అందరూ అదే అడుగుతారని ఎవలికీ సెప్పనేదు. ఏటీ జరగనేదు. ఇంట్లో సావు నేదు, జబ్బు నేదు. మా అమ్మాయి ఆలీసుకి పెళ్లయి టాటానగర్లో సుకంగా ఉంది. ఎవల మీదా కోపం నేదు. దేవుడి మీద అసలే నేదు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మా క్వార్టర్లో కుళాయి తిప్పితే ఒక్కోపాలి నీళ్లు రావు సూడండి, బుస్సుమని గాలొస్తాది. అలాగ. పుస్తకం మొదలెట్టినాక ఇలాగయినాదో, ఇలాగయినాకే పుస్తకం మొదలెట్టినానో కూడా తెల్దు."

నాకు చదివిన జబ్బు ఉంది. ఎదుటివాడు గాయం చూపిస్తే, ఆ గాయానికి పూర్వం ఎవరేం పేరు పెట్టారో చెప్పకుండా ఉండలేను. ఎప్పుడో పదిహేను పదహారువందల ఏళ్ల కిందట ఐగుప్తు ఎడారుల్లో గుహల్లో ఉండి ప్రార్థన చేసుకున్నవాళ్లకీ ఇదే వచ్చిందనీ, దాన్ని మిట్టమధ్యాహ్నపు దెయ్యం అన్నారనీ చెప్పాను. అది పట్టినవాడికి సూర్యుడు కదలనట్టు ఉంటుంది. ఎవరైనా వస్తారేమోనని మాటిమాటికీ బయటికి చూస్తాడు. ఉన్న గది మీద రోత పుడుతుంది. ఏలియా టీ చల్లారబెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"మరాళ్లు మందేటి సెప్పినారు?"

"గది వదలొద్దన్నారు."

"వొదలకుండా ఏటి సెయ్యాల?"

ఆ పేజీ నేను చదివినట్టు లేదు.

"నాను వొదిలెయ్యాలనే అనుకున్నాను," అన్నాడు. "మట్టలాదివారం నాడు పుస్తకం పాస్టరుగారికి ఇచ్చీసి, మరి చర్చికి రాను. ఒకటి ఇవ్వాలని ఆయనకి సెప్పినాను కూడా, ఏటో సెప్పనేదు. టిక్కెట్టు నేకండా బండిలో కూకున్నట్టుంది మాస్టారూ. ఏ టేసనులోనూ దిగమని అడగరు. అదే బాద."

"స్వర్ణకుమారికి?"

"సెప్పనేదు."

చెప్పక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం వంటగది గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తూ ఆవిడ తల ఎత్తకుండానే నాతో అంది: "ఆయన రానంటే నాను ఒక్కర్తినీ ఎల్తాను మాస్టారూ. ఎల్లలేక కాదు. చర్చిలో మేం ఆడాళ్ల వైపు, ఆళ్లు మొగాళ్ల వైపు. ముప్పై ఏళ్లూ తల తిప్పితే కనపడినాడు. కునుకుతున్నా, దిక్కులు సూస్తున్నా, ఉన్నాడు. అది పోద్ది." కత్తిపీట కడిగి గోడకి ఆనించింది.

ఈస్టరుకి ముందు ఆదివారం మట్టలాదివారం. దానికి ఆరు రోజుల ముందు, సోమవారం, ఏలియా లేవలేదు.

వరండాలో నాకు మెలకువ వచ్చేసరికి సైకిలు గోడకే ఉంది. పక్షులు అరవడం మొదలైంది. లోపలికి తొంగి చూస్తే ఏలియా మంచం మీద పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. జ్వరం లేదు. స్వర్ణకుమారి వంటగదిలో స్టవ్వు వెలిగించకుండా నిలబడి ఉంది. ఆ మనిషి రాజీనామా ఇవ్వడానికి కూడా ఆదివారం దాకా ఆగలేనంత అలిసిపోయాడని నాకనిపించింది.

అంతలో గేటు చప్పుడైంది. ఎలీసమ్మ. ఒక చేతిలో టీ క్యాను, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన దిబ్బరొట్టి ముక్క. నా మడత మంచం కాలు తన్నుకుని, "ఈ పుస్తకాలాయన దారికి అడ్డంగానే తొంగుంటాడు" అని సణిగి, సరాసరి లోపలికి పోయింది.

"ఒరే ఏలియా! నాలుగున్నర దాటినాది. ఏలు సాపుకుని మంచం మీద కూకున్నాను. ఎవుడొచ్చి ముద్దర ఏయించుకుంటాడు?"

"ఒంట్లో బాగోనేదు పిన్నీ."

"సిక్కు లీవు ఎట్టినావా? డాక్టరు కాయితమేదీ?"

ఆయన గోడవైపు తిరిగాడు. ఎలీసమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "లే. తిను. నడవాల."

"పిన్నీ, నాకు లోపల ఏటీ నేదు. ఏడేళ్లయి నేదు. నిన్ను లేపడమే గాని నాను లేవనేదు."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ముసలమ్మ ఏడుస్తుందేమో, వాక్యం చెబుతుందేమో అనుకున్నాను. ఆవిడ రొట్టి విరిచి సగం ఆయన చేతిలో పెట్టింది.

"నాకుందని ఎవుడు సెప్పినాడు నీకు?" అంది. "మీ బాబాయి పోయినాక నాకేటీ నేదురా. పాట వొస్తే పాడినాను. ఏడుపొస్తే ఏడిసినాను. దేవుడు ఎటెల్లిపోనాడో తెల్దు. ఇల్లు కదలడం మానీసినాను. అప్పుడు నువ్వు పుస్తకం అట్టుకొచ్చి తలుపు కొట్టినావు. ఏలు నొక్కించినావు. ముద్దర ఏసి ఎల్లకపోతే డ్రైవరు పెళ్లాం మాట తప్పిందంటారని ఎల్లినాను. దానికే ఎల్లినాను. మరి దేనికీ కాదు."

"ఇప్పుడేటైనా ఉందా?"

"కొన్ని రోజులుంటాది. కొన్ని రోజులు మోకాళ్ల నొప్పే ఉంటాది."

స్వర్ణకుమారి ఎప్పుడు వచ్చిందో నా పక్కన నిలబడి ఉంది.

"మీ బాబాయి ముప్పై ఏళ్లు బండి తోలినాడు," అంది ఎలీసమ్మ. "నవ్వుతా డూటీకెల్లిన రోజు ఒక్కటి నాను సూడనేదు. కాలొచ్చినాది, ఎల్లినాడు. ఆడు నవ్వనేదని బండి ఆగిపోనాదేటి? జనం ఎక్కినారు, దిగినారు."

ఏలియా లేచి కూర్చున్నాడు. రొట్టి చేతిలోనే ఉంది. "నాను కాల్‌బాయిని పిన్నీ. నాకు కాల్ ఉండదు."

"ఉండదా? ఎవులు సెప్పినారు? స్వర్నా, ఆ పుస్తకం తే."

రిజిస్టరు మేకుకి తగిలించి ఉండేది. స్వర్ణకుమారి దాన్ని దింపి, ఆ రోజు పేజీ తీసి, పెన్సిలుతో పై వరసలో, పదకొండు పేర్లకీ పైన, ఏలియా అని రాసింది. గడియారం చూసి టైము రాసింది. నాలుగూ నలభై. ఆవిడ చేతిరాత ఆ పుస్తకంలో అదే మొదలు. ఏలియా ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసి, అలవాటు కొద్దీ జేబులో కలం వెతుక్కున్నాడు.

"కలం వొద్దు," అంది ఎలీసమ్మ. "కలంతో గీకీసి తొంగున్నోళ్లని సూసినాం. ఏలు తే."

పేడ్ తెరిచి ఆయన ఎడమ బొటనవేలు పట్టుకుని ఒత్తింది. పుస్తకం మీద ఒత్తింది. అంత పొడుగు మనిషీ మాట్లాడకుండా ఒత్తించుకున్నాడు. టీ తాగాడు, రొట్టి తిన్నాడు, చొక్కా వేసుకున్నాడు. రైల్వేవాడు ముద్ర వేశాక పడుకోలేడు. అది భక్తి కాదు, నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆ రోజు కాలనీలో అందరికీ ఇరవై నిమిషాలు లేటుగా పిలుపు అందింది. ప్రార్థన లేటుగా మొదలైంది. ఏలియా గేటు దగ్గర ఆగి, తలుపు మూసేలోగా లోపలికొచ్చి చాప మీద నా పక్కన కూర్చున్నాడు. స్వర్ణకుమారి అటువైపు నుంచి ఒక్కసారి తల తిప్పింది.

ఏమైనా జరిగిందా అంటే, ఏమీ జరగలేదు. అక్కడ గొలుసు ప్రార్థన చేసేవారు. ఒకరి తర్వాత ఒకరు తలో మాటా దేవుడితో చెప్పాలి. చెప్పలేనివాళ్లు పక్కవాళ్ల భుజం తాకితే వంతు దాటిపోతుంది. ఏలియా నా భుజం తాకాడు. మంగళవారమూ తాకాడు. బుధవారం ఎలీసమ్మ వచ్చేసరికి మళ్లీ పడుకునే ఉన్నాడు. ఆవిడ రెండుసార్లు లేపాల్సి వచ్చింది. గురువారం చాప మీద కూర్చుని కునికాడు. గది వదలకుండా ఏం చెయ్యాలని నన్నడిగాడు కదా, కునకడం కూడా అందులో ఒకటేమో అనుకున్నాను. శుక్రవారం, శనివారం నా భుజం మీద ఆయన చెయ్యి బరువుగా పడింది. వేలు నీలం నా చొక్కాకి అంటింది.

మట్టలాదివారం వచ్చింది. ఆయన రిజిస్టరుని గుడ్డసంచిలో పెట్టి చంకన పెట్టుకోవడం చూశాను. వారం రోజులుగా లేచాడు, కూర్చున్నాడు, కుళాయిలో గాలే వచ్చింది. ఇక ఇచ్చేస్తాడనుకున్నాను. స్వర్ణకుమారి కూడా అదే అనుకుని ఉంటుంది. దారిలో ఆవిడ ఆ సంచి వైపు చూడలేదు.

చర్చి గోడకి ఈతమట్టలు ఆనించి ఉన్నాయి. గొలుసు ప్రార్థన మొదలైంది. ఒకావిడ మనవడి పరీక్షల గురించి చెప్పింది. ఎలీసమ్మ మోకాళ్ల గురించి చెప్పింది. వంతు ఏలియా దగ్గరికొచ్చింది. నేను భుజం సిద్ధంగా పెట్టుకున్నాను. చెయ్యి పడలేదు.

ఎవరో దగ్గారు. బయట ఏదో గూడ్సు షంటింగ్ అవుతోంది, బఫర్లు ఒకదానికొకటి తగిలి దూరం దాకా పోతున్న చప్పుడు. అది కూడా ఆగింది.

"పెబువా," అన్నాడు. "ఏలియాని. రిపోర్టు సేసినాను."

ఇంకేదో వస్తుందని అందరూ ఆగారు. రాలేదు. ఎలీసమ్మ "ఆమేన్" అంది, గట్టిగా, గేటు వేసినట్టు.

ఆరాధనయ్యాక గుమ్మంలో పాస్టరుగారు మట్టలు పంచుతూ, "ఏదో ఇస్తానన్నావు ఏలియా?" అని అడిగారు.

ఏలియా సంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "నేదండి. రేపటికి గీతలు గియ్యాల. పేజీ అయిపోనాది."

మారుమనసు పొందినవాళ్ల సాక్ష్యాల పుస్తకాలు నేను వందలు అమ్మాను. వాటిలో ఇలాంటిచోట మనిషికి కన్నీళ్లు కారతాయి, వెలుగు కనబడుతుంది, తర్వాతి పేజీలో అతను ఊరూరా తిరిగి బోధిస్తుంటాడు. ఏలియా ఆ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాడు. జగ్గారావుని పిలిచాడు. సంతకం పెట్టించుకుని, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఇంకేటి?" అన్నాడు జగ్గారావు.

"లుంగీ మార్చుకో. సూసి ఎల్తాను."

"ఇదేటి మాఁవా, కొత్త రూలా?"

"ఆఁ. కొత్తదే."

తర్వాత ఆవిరింజన్లు ఒక్కొక్కటే పోయాయి. డ్రైవర్ల క్వార్టర్లకి ఫోన్లు వచ్చాయి. అన్నేళ్లూ శ్రమదినాల్లో ఏలియాని లేపుతూ వచ్చిన ఎలీసమ్మ తొంభై మూడులో పోయింది, శ్రమదినాల ముందే. ఆ ఏడు మొదటి రోజున ఏలియాని ఎవరు లేపుతారని నాకు అనుమానం వచ్చింది గాని, అప్పుడు నేను రాయపూర్‌లో జ్వరంతో ఉన్నాను.

మళ్లీ తొంభై ఆరు శ్రమదినాల్లో వెళ్లాను. ఆయన రిటైరయ్యాడు. ఊళ్లోనే ఇందా అనే పేటలో రెండు గదుల అద్దె ఇల్లు, చర్చికి సైకిలు మీద పావుగంట. పదకొండిళ్లలో నాలుగే మిగిలాయి, వాళ్లకీ అలారం గడియారాలున్నాయి. అయినా వెళ్లి తలుపులు కొడుతున్నాడు. సాయంత్రం టీ తాగుతూ అడిగాను, ఇప్పుడెలా ఉందని.

"అదే కుళాయి మాస్టారూ. కొన్నాళ్లు నీళ్లు, కొన్నాళ్లు గాలి. బిందె మాత్రం తియ్యనేదు."

ముసలివాడైపోయాడు. నేనూ అయ్యాను. నాకు అదివరకటిలా పుస్తకాల కబుర్లు చెప్పాలనిపించలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాను.

చీకటి ఇంకా విడకముందే లోపలి గదిలో మాటలు వినిపించాయి.

"ఆలీసు నాన్నా, లేవండి. కాల్."

"మోకాలు అట్టేసినాదే. ఇయ్యాల్టికి వొదిలీ."

"సిక్కు కాయితం ఉందా?"

మంచం కిర్రుమంది. పేడ్ డబ్బా మూత తెరిచిన చప్పుడు.

"ఏలు తెండి," అంది స్వర్ణకుమారి.